బ్రెయిలీ గదిలో మొండి కంప్యూటరు

పూర్తిగా పాడైపోయిన యంత్రంతో పేచీ ఉండదు. స్విచ్ వేస్తే వెలగదు, అంతే. బాగుచేయిస్తాం, లేదంటే పక్కన పడేస్తాం. చిక్కల్లా బాగానే ఉన్నట్టు కనిపిస్తూ, పని మధ్యలో దానంతటదే ఆరిపోయి, మళ్ళీ దానంతటదే వెలిగి, ఏమీ ఎరగనట్టు మన మొహంలోకి చూసే యంత్రంతోనే. అలాంటి ఒక పాత కంప్యూటరుతో నా ఉద్యోగంలో చివరి ఏడాదంతా గొడవపడ్డాను. దానితోపాటు మనుషులతోనూ పడ్డాను. బళ్ళలో కొత్తగా కంప్యూటరు టీచర్లుగా చేరిన మీలాంటి వాళ్ళు కనిపించినప్పుడల్లా ఆ సంగతి చెప్పాలనిపించేది. పాత కథలు మొదలుపెట్టిందనుకుంటారని ఊరుకునేదాన్ని. రిటైరయ్యాక ఆ మొహమాటం పోయింది.

నేను పనిచేసింది రాజమండ్రిలో, చూపులేని ఆడపిల్లల కోసం ఒక క్రైస్తవ మిషను నడిపే బడిలో. మాది రావులపాలెం దగ్గర పల్లె. మా నాన్న అరటి గెలలు మోసేవాడు. నేను టైపు నేర్చుకుని ఆ బడి ఆఫీసులో టైపిస్టుగా చేరాను. కంప్యూటర్లు వచ్చిన కొత్తలో ఆ డబ్బా ముందు కూర్చోడానికి ఎవరూ ముందుకు రాకపోతే నన్ను కూర్చోబెట్టారు. అలా కూర్చున్నదాన్ని కంప్యూటరు ఇన్‌స్ట్రక్టరుగానే బయటికొచ్చాను.

వరండా చివర రైలుపెట్టెలా పొడుగ్గా ఒక గది ఉండేది. బ్రెయిలీ గది అనేవాళ్ళం. అందులో ఒక పాత డెస్క్‌టాప్ కంప్యూటరు, దానికి తగిలించిన బ్రెయిలీ ప్రింటరు. ఆ ప్రింటరుకి సిరా అక్కర్లేదు. అట్టలాంటి మందపాటి కాగితాన్ని సూదులతో పొడిచి చుక్కలు లేపుతుంది. అది నడుస్తుంటే పక్క క్లాసులో పాఠం వినబడదు. అందుకని చెక్క బీరువాలో పెట్టి తలుపులు మూసి నడిపేవాళ్ళం. అయినా వినబడేది. చప్పుడు మొదలవగానే పిల్లలు గోడ పట్టుకుని వరండాలోకి వచ్చేసేవాళ్ళు, ఎవరి పుస్తకం అచ్చవుతోందో కనుక్కోడానికి.

మీరడగబోయేది నాకు తెలుసు. పాతది పారేసి కొత్త కంప్యూటరు కొనుక్కోవచ్చు కదా అంటారు. ఆ ప్రింటరు కేబులు పెట్టుకునే వెడల్పాటి చోటు కొత్త కంప్యూటర్లకి ఉండదు. తెలుగునీ, లెక్కల గుర్తుల్నీ బ్రెయిలీలోకి మార్చే ప్రోగ్రాం ఆ పాత విండోస్ మీదే నడుస్తుంది. దాన్ని రాసిచ్చినాయన ఇప్పుడెక్కడున్నాడో ఎవరికీ తెలీదు. దాని సీడీ గీతలు పడి ఎప్పుడో పనికిరాకుండా పోయింది. కొత్త ప్రింటరు కొనే స్తోమత బడికి లేదు. అంచేత ఆ ప్రింటరు బతకాలంటే ఆ కంప్యూటరే బతకాలి.

ఆ ఏడు బళ్ళు తెరిచేసరికి పదో తరగతి లెక్కల పుస్తకం మారిపోయింది. కొత్త పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి టైపు చేసి, బ్రెయిలీలోకి మార్చి, అచ్చెయ్యాలి. టైపు చెయ్యడం నా పని. అచ్చయిన పేజీని వేళ్ళతో చదివి తప్పులు పట్టుకోవడం లెక్కల టీచరు పని.

ఆమె గురించి చెప్పాలి. పుట్టుకతో చూపు లేదు. మా బడిలోనే చదువుకుంది. నేను ఉద్యోగంలో చేరేనాటికి చిన్న తరగతిలో ఉండేది. అందుకే టీచరై వచ్చాక కూడా నన్ను అక్కా అనే పిలిచేది. మాట మెత్తగా ఉంటుంది, మనిషి మాత్రం మెత్తన కాదు. మా పిల్లలకి లెక్కల పరీక్ష నుంచి మినహాయింపు అడిగే వీలుంది. ఆమె వచ్చాక మా బడి నుంచి ఎవరినీ అడగనివ్వలేదు. పిల్లలు ఏడ్చినా అడగనివ్వలేదు. ఆమె అంటే వాళ్ళకి భయం, ఆమె లేకపోతే దిగులు.

మొదటి అధ్యాయం టైపు చెయ్యడం పూర్తయ్యి, బ్రెయిలీలోకి మార్చమని మీట నొక్కాను. తెర నల్లగా అయిపోయింది. నేను ఏం జరిగిందా అని చూసేలోపు కంప్యూటరు మళ్ళీ మొదటి నుంచి లేస్తోంది. కరెంటు పోయిందనుకుందామంటే పైన ఫ్యాను తిరుగుతోంది. రెండోసారి నొక్కితే పనయ్యింది. అచ్చు సగంలో ఉండగా మళ్ళీ ఆరిపోయింది. సగం పొడిచిన కాగితం ప్రింటరు నోట్లో ఇరుక్కుంది. మర్నాడూ అంతే. ఒకోసారి పొద్దంతా బుద్ధిగా ఉండేది. ఇంక దారిలో పడిందనుకునేసరికి మళ్ళీ ఆరేది.

మొదట వైరస్ అనుకున్నాను. మనకి ఏది అర్థం కాకపోయినా వైరసే కదా. చూస్తే ఏమీ దొరకలేదు. మొత్తం తుడిచేసి విండోస్ మళ్ళీ ఎక్కించమని కొందరు సలహా ఇచ్చారు. అలా చేస్తే బ్రెయిలీ ప్రోగ్రాం పోతుంది, మళ్ళీ ఎక్కించడానికి సీడీ లేదు. ఆ సలహా ఇచ్చినవాళ్ళని ఆ తరవాత గదిలోకి రానివ్వలేదు.

ఇక్కడొక్కటి పనికొచ్చే ముక్క చెబుతాను. విండోస్‌లో తప్పు జరిగితే అది మామూలుగా నీలం తెర చూపించి, మనం చదివేలోపే మళ్ళీ మొదలైపోతుంది. అలా వెంటనే మొదలవకుండా, తెర మీదే ఆగమని చెప్పే సెట్టింగు ఒకటుంది. అది మార్చి పెట్టాను. ఈసారి ఆరితే నీలం తెర నిలబడాలి. నిలబడలేదు. తిన్నగా నల్లబడింది. అంటే తప్పు విండోస్‌ది కాదు. లోపల కరెంటు ఎక్కడో నిలకడగా అందట్లేదు. ఆ పూట నాకు దొంగ దొరికినంత సంబరమయ్యింది. నిజానికి దొరికింది దొంగ ఉన్న వీధి మాత్రమే.

ప్లగ్గు మార్చాను. ఇంకో యూపీఎస్ పెట్టి చూశాను. డబ్బా విప్పి దుమ్ము దులిపాను. మెమరీ కార్డు తీసి దాని అంచుని రబ్బరుతో తుడిచి మళ్ళీ పెట్టాను. చివరికి వెనకాల ఉండే పవర్ సప్లై డబ్బా కొత్తది తెప్పించి బిగించాను. ఆ తరవాత రెండ్రోజులు కంప్యూటరు ఒక్కసారి కూడా ఆరలేదు. నేను బడి వ్యవహారాలు చూసే కరస్పాండెంటు గారి గదికి వెళ్ళి, బాగైపోయిందండీ, ఇంక ఢోకా లేదు అని చెప్పొచ్చాను. చెప్పిన సాయంత్రమే అది మళ్ళీ ఆరిపోయింది. ఆ రెండ్రోజులూ నేను టైపు మాత్రమే చేశానన్న సంగతి నాకు అప్పుడు తట్టలేదు. తట్టి ఉంటే చాలా తిరుగుడు తప్పేది.

కరస్పాండెంటు గారు చెడ్డమనిషి కాదు. చెడ్డమనిషైతే ఆయనతో గొడవ తేలిగ్గా అయిపోయేది. పాస్టరుగా చేసి వచ్చినాయన, పిల్లల భోజనం దగ్గర నిలబడి వడ్డింపు చూసేవారు. ఆయన ఇబ్బంది ఆయనది. పాత యంత్రానికి అదీ ఇదీ అంటూ నేను మాటిమాటికీ వెళ్ళి నిలబడుతున్నాను. మరోపక్క ఎవరో దాతలు పిల్లలందరికీ మాట్లాడే ఫోన్లు ఇస్తామని ముందుకొచ్చారు. పుస్తకాలన్నీ ఫోన్లో చదివించుకుని వినొచ్చు. దానికో గది కావాలి, బల్లలు కావాలి, ఏసీ కావాలి. బ్రెయిలీ గది ఇస్తే సరిపోతుంది. దాన్ని చూసి ఖాయం చెయ్యడానికి మిషను పెద్దాఫీసు నుంచి కమిటీ వస్తోంది.

నన్ను పిలిచి కూర్చోమన్నారు. మామూలుగా కూర్చోమనరు. కంప్యూటరు వయసైపోయింది, బాగుచెయ్యడానికి వీలుపడదు అని నన్ను రాసివ్వమన్నారు. కమిటీ వచ్చేదాకా దాన్ని ముట్టుకోవద్దన్నారు. లెక్కల సంగతేంటండీ అన్నాను. ఈ ఏటికి పిల్లలకి మినహాయింపు అడుగుదాం, అందరూ అడుగుతున్నదే కదా అన్నారు.

"నేను రాసివ్వలేనండి," అన్నాను.

"ఎందుకని?"

"అది బాగుపడదని నాకింకా తెలీదండి. తెలీంది తెలిసినట్టు ఎలా రాస్తాను?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మీరు కొద్ది నెలల్లో రిటైరవుతున్నారు, ప్రశాంతంగా వెళ్ళండి అన్నారు. నిజంగా నా మేలు కోరే అన్నారని నాకు తెలుసు. అందుకే ఇంకా కోపమొచ్చింది. నేను ఏదో చిన్నపిల్లలా పేచీ పెడుతున్నట్టూ, ఆయన పెద్దమనసుతో ఓర్చుకుంటున్నట్టూ ఉంది ఆ మాట. లేచి నిలబడి, ప్రశాంతత నేనడగలేదండి, కాస్త టైమడిగాను అని చెప్పి వచ్చేశాను.

స్టాఫ్ రూములో సగం మంది ఆయన చెప్పిందే సబబన్నారు. ఒకావిడ నాతో ఫోన్లు చెడ్డవా అంది. చెడ్డవి కావు. కథలు, సోషల్ పాఠాలు పిల్లలు ఫోన్లో హాయిగా విని నేర్చుకునేవాళ్ళు. ఫోన్లతో నాకేం తగువు లేదు. ఆ మాటకి జవాబు నాకంటే లెక్కల టీచరే బాగా చెప్పింది.

"కథ వింటే సరిపోతుందండి. లెక్క వింటే సరిపోదు. ఎక్స్ ప్లస్ మూడు బై రెండు అంటుంది ఫోను. మొత్తం బై రెండా, మూడు మాత్రమే బై రెండా? మీరైతే పుస్తకంలోకి చూసి కనుక్కుంటారు. మా పిల్లలు వేలు పెట్టి కనుక్కోవాలి. పెట్టడానికి కాగితమే లేకపోతే ఎక్కడ పెడతారు?"

ఆ మధ్యాహ్నం భోజనాల వేళ ఇద్దరం బ్రెయిలీ గదికి వెళ్ళాం. ముట్టుకోవద్దన్న కంప్యూటరుని బల్ల మీద పడుకోబెట్టి, మూత తీశాను. ఎన్నోసార్లు చూసిందే మళ్ళీ చూస్తున్నాను. కొత్తగా ఏమీ కనబడలేదు. లోపల ఎలా ఉంటుందక్కా, నేనెప్పుడూ చూళ్ళేదు అంది ఆమె. చూడటం అనే మాట వాళ్ళు మనలాగే వాడతారు. కరెంటు తీసేసే ఉంది. ముందు కిటికీ ఇనప ఊచలు ముట్టుకోమన్నాను, ఒంట్లో ఉన్న కాస్త కరెంటూ అందులోకి పోతుందని. తరవాత ఆమె చెయ్యి పట్టుకుని మదర్‌బోర్డు మీద పెట్టాను. ఇది ఫ్యాను, ఇది మెమరీ అని చెబుతుంటే నెమ్మదిగా తడుముకుంటూ వెళ్ళింది. ప్రాసెసర్ పక్కన చిన్న చిన్న అల్యూమినియం గొట్టాలు వరసగా నిలబెట్టి ఉంటాయి. వేలి గోరంత ఉంటాయి. కెపాసిటర్లంటారు. ఆమె వేళ్ళు అక్కడ ఆగిపోయాయి. వెనక్కి వెళ్ళి మళ్ళీ మొదటి నుంచి వచ్చాయి, తప్పున్న లైను చదివినట్టు.

"అక్కా, వీటిలో కొన్నిటికి తల బల్లపరుపుగా ఉంది. కొన్నిటికి ఉబ్బి ఉంది. అలాగే ఉంటాయా?"

అలాగే ఉండవు. నేను కళ్ళజోడు పైకి తోసి, కిందకి వంగి, పక్కనుంచి చూశాను. పైనుంచి చూస్తే ఆ ఉబ్బు తెలీదు. పక్కనుంచి చూసినా బాగా వెతికితే తప్ప కనబడదు. ఒకదాని తల మీద గోధుమరంగు పొక్కు కూడా ఉంది. కంప్యూటరు గట్టిగా పనిచేసినప్పుడు ప్రాసెసర్ ఎక్కువ కరెంటు లాగుతుంది. ఆ లాగుడు తట్టుకుని కరెంటుని నిలకడగా అందించడమే వీటి పని. లోపల ఎండిపోయి ఉబ్బినవి ఆ పని చెయ్యలేవు. ఒక్క క్షణం కరెంటు తగ్గుతుంది, కంప్యూటరు ఆరి మళ్ళీ లేస్తుంది. టైపు చేస్తే ఆరకపోవడం, బ్రెయిలీలోకి మార్చమంటే ఆరడం అన్నీ అప్పుడు అర్థమయ్యాయి.

నీ వేళ్ళు బంగారం అన్నాను. ఆమె నవ్వి, అందరూ మాకేవో శక్తులున్నట్టు చెప్తారక్కా, నేను రోజంతా చుక్కలు తడిమే దాన్ని, ఎత్తూ పల్లం తెలీకపోతే నా ఉద్యోగం పోతుంది అంది.

రాజమండ్రిలో కంప్యూటరు షాపులకి ఫోన్ చేశాను. బోర్డు రిపేరు ఎవరూ చెయ్యట్లేదు మేడమ్, కొత్త సిస్టం తీసుకోండి అన్నారు. అప్పుడు మా ఊరి వైపు ఒకాయన గుర్తొచ్చాడు. రావులపాలెంలో అరటి మార్కెట్టు వెనక చిన్న కొట్టులో పాత టీవీలు, ఆంప్లిఫయర్లు బాగుచేస్తాడు. ఊళ్ళో గుడి మైకులన్నీ ఆయన చేతి మీదే బతుకుతున్నాయి. ఫోన్లో చెబితే, కంప్యూటరు బోర్డులు నేనెప్పుడూ ముట్టలేదమ్మా, తెచ్చి చూపించు, మాటివ్వను అన్నాడు.

బోర్డు విప్పి కాటన్ చీర ముక్కలో చుట్టి, అట్టపెట్టెలో పెట్టాను. మర్నాడు శనివారం, పొద్దున్నే ఇద్దరం బయల్దేరాం. గేటు దగ్గర వాచ్‌మన్ ఏంటండీ ఆ పెట్టె అన్నాడు. కంప్యూటరు లోపలి బోర్డు, బాగుచేయించడానికి రావులపాలెం తీసుకెళ్తున్నాం, అడిగితే అలాగే చెప్పు అన్నాను. లెక్కల టీచరు నా చెయ్యి నొక్కింది. బస్సెక్కాక, టిఫిను డబ్బా అని చెప్పాల్సింది కదక్కా అంది. దొంగతనం చేస్తున్నామా అన్నాను. లేదు గానీ, ఇప్పుడు నీకు మెమో వస్తుంది అంది. రానీ అన్నాను. అనడానికి అన్నాను గానీ లోపల లెక్క వేసుకుంటూనే ఉన్నాను. బోర్డు పోతే ఆ తప్పు నాది. ఆస్తి పాడుచేసిందని రాస్తే రిటైరయ్యాక నాకు రావలసిన డబ్బులు ఎక్కడికక్కడ ఆగిపోతాయి. ఆమె దారి పొడుగునా పెట్టెని ఒళ్ళో పెట్టుకుని, బస్సు కుదిపినప్పుడల్లా రెండు చేతులతో పైకెత్తి పట్టుకుంది.

మెకానిక్ బోర్డుని లైటు కింద పెట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు. కొట్టు ముందు నుంచి గెలల లారీలు వెళ్తుంటే బల్ల అదురుతోంది. టీవీలో వేసేవి ఇలాంటివే కానీ ఇక్కడ బాగా దగ్గరదగ్గరగా ఉన్నాయి, పక్కదానికి వేడి తగిలితే మొత్తం పోతుంది అన్నాడు. బోర్డు చచ్చిపోతే నన్ననకూడదు అన్నాడు.

"అనం బాబాయ్ గారూ," అంది లెక్కల టీచరు. "మీరు చెయ్యకపోయినా అది చచ్చినట్టే. చేసి చూడండి."

ఆయన కొట్టు షట్టరు సగం దించి, లారీలు కాస్త తగ్గేదాకా ఆగి, సోల్డరింగ్ పెన్ను అందుకున్నాడు. నేను చూడలేక రోడ్డు మీదకి వచ్చి నిలబడ్డాను. చూడాల్సిన అవసరం లేని ఆమె మాత్రం ఆయన పక్కనే స్టూలు మీద కూర్చుని, ఇప్పుడేం చేస్తున్నారండీ అని అడుగుతూనే ఉంది. ఆయన చెబుతూనే ఉన్నాడు. నాకు తెలిసి ఆయన ఎవరితోనూ అన్ని మాటలు ఆడి ఎరగడు.

మధ్యాహ్నానికి తిరిగొచ్చాం. గేటు దగ్గరే కబురుంది, కరస్పాండెంటు గారు రమ్మంటున్నారని. ముందు బోర్డు బిగించి వస్తానని చెప్పి పంపించాను. బిగించాను. స్విచ్ వేశాను. వెలిగింది. మొదటి అధ్యాయం మార్చమన్నాను. మార్చింది. రెండోది కూడా మార్చమన్నాను. అప్పుడు వెళ్ళాను ఆయన దగ్గరికి. ఈసారి కూర్చోమనలేదు. ముట్టుకోవద్దంటే ముట్టుకోవడమే కాకుండా బడి ఆస్తిని బస్సులో ఊరు దాటించారు అన్నారు. ఆయన గొంతు లేవలేదు. బాగైందండీ అన్నాను. బాగవడం కాదు సమస్య, నా మాటకి విలువ లేకపోవడం సమస్య అన్నారు. ఆయన అన్నది నిజమే. మెమో సోమవారం అందింది.

కమిటీ వచ్చిన రోజు వరండా అంతా నీళ్ళు చల్లి కడిగారు. వచ్చినవాళ్ళలో పెద్దాయన ఎక్కడో ఇంజినీరుగా చేసి రిటైరైనాయన. నెమ్మదస్తుడు. దాతలు పంపిన ఫోను ఒకటి తెచ్చారు. అందులో పాఠాలు చదివించి చూపించారు. చక్కగా చదివింది. కరస్పాండెంటు గారు బ్రెయిలీ గది కొలతలు చెప్పడం మొదలుపెట్టారు. అప్పుడు లెక్కల టీచరు నిలబడి, ఒక్క లెక్క చెప్పించవచ్చా అని అడిగింది. పదో తరగతి పుస్తకంలోదే, కుండలీకరణాలూ భిన్నాలూ ఉన్న మామూలు సమీకరణం. అప్పటికప్పుడు దాన్ని నాచేత ఆ ఫోన్లో ఎక్కించింది. పెద్దాయనతో, దయచేసి మీరు చెయ్యండి అంది.

ఫోను చదివింది. ఆయన నవ్వుతూ విన్నారు. మళ్ళీ చదివించమన్నారు. ఈసారి నవ్వలేదు, కళ్ళు మూసుకున్నారు. ఎడమవైపుది కుడివైపుకి తేవడం దాకా వచ్చి, మొదట్లో ఏముందో మర్చిపోయారు. మూడోసారి చదివించుకున్నారు. చివరికి జేబులోంచి పెన్ను తీసి, నా వైపు చూసి, ఒక కాగితం ఇస్తారా అన్నారు.

"మా పిల్లలు అడుగుతున్నదీ అదేనండి," అంది లెక్కల టీచరు. "కాగితం."

ఆయన పెన్ను మళ్ళీ జేబులో పెట్టుకున్నారు. తరవాత ఆ గది చూద్దాం పదండి అన్నారు. నేను కంప్యూటరు వేశాను. ఆ యంత్రం నన్ను అంతకుముందు ఎన్నిసార్లు మోసం చేసిందో మీకు తెలుసు. అంతమంది ముందు మీట నొక్కాను. మార్చడం మొదలైంది. ఆగలేదు. బీరువాలో ప్రింటరు దడదడలాడింది. పిల్లలు మామూలుగానే వరండాలోకి వచ్చేశారు, పెద్దవాళ్ళున్నారని ఎవరు వెనక్కి లాగినా ఆగకుండా. అధ్యాయమంతా అచ్చయ్యేదాకా పెద్దాయన నిలబడే ఉన్నారు.

గది మాకే ఉంచారు. ఆ ఏటికి మాత్రం, తరవాత సంగతి తరవాత చూద్దాం అన్నారు. ఫోన్లకి లైబ్రరీలో చోటు చేశారు. కమిటీ నా మెమో జోలికి రాలేదు. తప్పయిపోయిందని ఒక్క ముక్క రాసివ్వండి, మూసేద్దాం అని ఆఫీసు గుమస్తా వచ్చి చెప్పాడు. తీసుకెళ్ళాను, బాగుచేయించాను, తిరిగి తెచ్చాను అని రాసిచ్చాను. రిటైరైన రోజున నాకు వీడ్కోలు సభ పెట్టలేదు. కరస్పాండెంటు గారు గేటు దాకా వచ్చి నమస్కారం పెట్టారు. నేనూ పెట్టాను. ఇద్దరిలో ఎవరూ తగ్గలేదు, ఎవరికీ ఎదుటివాళ్ళ మీద పగా లేదు.

కానీ అంతకుముందే, మేనెలలో, పదో తరగతి ఫలితాలొచ్చిన రోజు ఒకటి జరిగింది. మా పిల్లలందరూ లెక్కలు రాశారు. ఉప్పాడ నుంచి వచ్చిన పిల్ల ఒకతి ఫెయిలయ్యింది. వాళ్ళ నాన్న చీరలు నేస్తాడు. తెలివైన పిల్లే, పరీక్షంటే కంగారు. ఫలితం తెలిశాక కరస్పాండెంటు గారు ఆ పిల్లనీ, మా ఇద్దరినీ తన గదికి పిలిచారు. మినహాయింపు అడిగి ఉంటే ఈ అమ్మాయి కూడా పాసై ఇంటర్లో చేరేది కదండీ అన్నారు. ఎత్తిపొడుపుగా కాదు, బాధపడుతూనే అన్నారు. అప్పటిదాకా ఎవరికీ తలవంచని లెక్కల టీచరు ఆ రోజు తలొంచుకుంది.

"అయ్యగారూ, ఫెయిలయ్యింది నేనండి, వాళ్ళు కాదు," అంది ఆ పిల్ల. "రాశాను కాబట్టే ఫెయిలయ్యాను. ఎక్కడ తప్పు చేశానో నాకు తెలుసు."

అని నా వైపు తిరిగి, సప్లిమెంటరీకి మోడల్ పేపర్లు ఎప్పుడు అచ్చేస్తారు మేడమ్ గారూ అని అడిగింది. ఇప్పుడే అన్నాను. సెలవుల్లో మూసి ఉన్న గది తాళం తీసి, ఆ పూటే మొదలుపెట్టాం.

సప్లిమెంటరీలో పాసయ్యింది. మార్కులు ఎన్నని అడగొద్దు. ఇంటర్‌కి ఏ గ్రూపు తీసుకుంటున్నావే, లెక్కలుందిగా అని లెక్కల టీచరు ఎంతో ఆశగా అడిగింది. ఆ పిల్ల చరిత్ర ఉన్న గ్రూపు తీసుకుంటానంది. టీచరు మొహం చిన్నబుచ్చుకుంది. ఇంత కష్టపడి పాసై, ఇప్పుడు వద్దంటావేంటే అంది.

"మినహాయింపు అడిగుంటే నా బదులు వేరేవాళ్ళు వద్దన్నట్టయ్యేది. ఇప్పుడు వద్దన్నది నేను కదండీ," అంది ఆ పిల్ల.